హాక్స్‌టన్ స్ట్రీట్‌లో ఒక శనివారం

లండన్‌లో నాకున్నవి నాలుగే రోజులు. ఈస్ట్‌హామ్‌లో ఉండి ఎమ్మెస్సీ చదువుతున్న మా మేనల్లుడు మ్యూజియాలు, టవర్ బ్రిడ్జి అంటూ అన్నీ ప్లాన్ చేసిపెట్టాడు. శనివారం పొద్దున మాత్రం నాకు వదిలెయ్యమన్నాను.

"ఎక్కడికి మావయ్యా?"

"ఒక వీధి చూడాలిరా."

1998లో హైదరాబాద్‌లో, హాస్టల్ టీవీలో చూశానా వీధిని. ద వెర్వ్ అనే బ్యాండ్ పాట, 'బిట్టర్ స్వీట్ సింఫనీ'. 'అర్బన్ హిమ్స్' ఆల్బమ్ కంటే ముందు, 1997 జూన్‌లో వదిలిన మొదటి సింగిల్, అంటే విడిగా వదిలిన పాట అది. వీడియోలో కథంటూ ఏమీ లేదు. గాయకుడు రిచర్డ్ ఆష్‌క్రాఫ్ట్ నల్ల జాకెట్ వేసుకుని, పాడుకుంటూ పేవ్‌మెంట్ మీద నడిచిపోతాడు. ఎవరు ఎదురొచ్చినా పక్కకి జరగడు. భుజాలు తగిలి మనుషులు తూలిపోతారు. దారికి అడ్డంగా ఆగిన కారు బానెట్ మీద నుంచే వెళ్లిపోతాడు. ఆ కారులోని ఆవిడ దిగొచ్చి కేకలేసినా వెనక్కి తిరగడు. రెండు సబ్జెక్టులు పోయి, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లని రోజులవి నాకు. ఆ నడక చూసే లేచి నిలబడ్డాను. ఎవరేమనుకున్నా సరే, అది నిజం.

వైట్‌చాపెల్‌లో రైలు మారి హాక్స్‌టన్ స్టేషన్‌లో దిగాం. కింగ్స్‌లాండ్ రోడ్డు దాటి ఫాల్కర్క్ స్ట్రీట్‌లోకి వెళ్తే, అది హాక్స్‌టన్ స్ట్రీట్‌ని కలిసే మూల వస్తుంది. అతను నడక మొదలుపెట్టింది అక్కడి నుంచే. కాసేపు ఊరికే నిలబడ్డాను. గుండె దడదడలాడింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తూర్పువైపు పేవ్‌మెంట్ మీద ఉత్తరంగా బయల్దేరాను. ఆల్బమ్‌లో పాట దాదాపు 6 నిమిషాలు.

శనివారం కదా, సంత జరుగుతోంది. బట్టలు, చెప్పులు, కూరగాయలు. ఒక బల్ల మీద ప్లాస్టిక్ గిన్నెల్లో క్యాప్సికం పోసి పెట్టారు. తూకం లేదు, గిన్నె లెక్కన అమ్మకం. చక్రాల సంచి లాక్కుంటూ ఒక పెద్దావిడ ఆ బల్ల దగ్గర ఆగింది. ఎర్రవాటిని ఒక్కొక్కటే తిప్పి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తోంది. నా చెవుల్లో వయొలిన్లు మోగిపోతున్నాయి. ఆవిడ పని అయ్యేదాకా ఆగి, ఆవిడ కదిలాకే నేను కదిలాను. హాస్టల్లో చూసినప్పుడు నాకు అతనొక్కడే కనిపించాడు. ఇక్కడ మాత్రం ఎదురొచ్చేవాళ్ల మొహాలే కనిపించాయి.

పాట అయిపోయాక మావాడికి అసలు సంగతి చెప్పాను. పాటలో మోగే ఆ వయొలిన్ల ముక్క, రోలింగ్ స్టోన్స్ అనే బ్యాండ్ పాటకి ఆండ్రూ ఓల్డ్‌హామ్ ఆర్కెస్ట్రా చేసిన రికార్డింగ్‌లోంచి తీసుకున్నది. హక్కుల తగాదా వచ్చింది. పాటలోని మాటలన్నీ ఆష్‌క్రాఫ్ట్ రాసుకున్నవే అయినా, రచన కింద స్టోన్స్ బ్యాండ్‌లోని మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ పేర్లు చేరాయి, రాయల్టీ అతని చేతికి రాకుండా పోయింది. వీడియోలో ఎవరికీ దారివ్వని మనిషి బయట తన పాటనే వదులుకోవాల్సి వచ్చింది. నాకైతే ఇప్పటికీ అది అన్యాయంగానే అనిపిస్తుంది. చివరికి 2019లో జాగర్, రిచర్డ్స్ ఇద్దరూ తమ వాటా అతనికే రాసిచ్చేశారు.

"అంటే 22 ఏళ్లా! అప్పటిదాకా పాడటం మానేశాడా మావయ్యా?"

"ఎందుకు మానేస్తాడు? 2005లో ఇదే ఊళ్లో, హైడ్ పార్క్‌లో లైవ్ 8 అనే పెద్ద కచేరీ స్టేజి మీద కోల్డ్‌ప్లే బ్యాండ్‌తో కలిసి పాడాడు. అప్పటికింకా పాట తన చేతికి రాలేదు."

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపి ఒక ఇయర్‌ఫోన్ తీసుకున్నాడు. ఇద్దరం మళ్లీ ఫాల్కర్క్ స్ట్రీట్ మూలకి నడిచాం.