పేరు రాయని గడి

న్యూయార్క్‌లో నేను పనిచేసే సంస్థ, గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్, ఇంటర్‌సెక్స్ (పుట్టుకతోనే శరీర లక్షణాలు స్త్రీ, పురుష విభజనకు పూర్తిగా ఒదగని) వ్యక్తుల హక్కుల కోసం వివిధ దేశాలలో పోరాడుతున్న చిన్న బృందాలకు నిధులు పంపుతుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించేది వేరే విభాగం. ఆ సొమ్మును గమ్యం చేర్చి లెక్క రాయడం నా పని. నల్గొండ జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ అకౌంటింగ్ చదివి, మూడేళ్లు ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో అద్దెల లెక్కలు చూసిన నాకు, డబ్బు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవారు కూడా ఇవ్వలేకపోయే పరిస్థితి ఒకటి ఉంటుందని ఈ ఉద్యోగంలో చేరేదాకా తెలియదు.

బ్యాంకు ముందుగా అడిగేది పేరు. ఖాతా తెరవాలంటే సంస్థ నమోదై ఉండాలి, నమోదు కావాలంటే ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకోవాలి. కెన్యాలో గే, లెస్బియన్ అన్న మాటలున్న పేరుతో ఒక మానవ హక్కుల సంఘాన్ని నమోదు చేయడానికి అధికారులు నిరాకరిస్తే, ఆ వివాదం కింది కోర్టుల మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2023 ఫిబ్రవరిలో 3–2 మెజారిటీతో సంఘానికి అనుకూలంగా తేలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఉగాండాలో ‘సెక్సువల్ మైనారిటీస్ ఉగాండా’ అన్న పేరు తగదని 2012లో రిజిస్ట్రార్ తిరస్కరించారు. నమోదు లేకుండా నడుస్తున్నారన్న కారణంతోనే 2022 ఆగస్టులో ఆ సంస్థను మూయించారు. తలుపు తీయనివారే లోపలికి ఎందుకు రాలేదని అడగడం నాకు అక్కడే కనబడింది. 2023లో అక్కడ వచ్చిన చట్టం మరికొంత ముందుకు వెళ్లి, స్వలింగ సంపర్కాన్ని ప్రోత్సహించే పనులకు ఆర్థిక సహాయం చేసినా 20 ఏళ్ల దాకా జైలు అంది. బల్ల మీద కాఫీ చల్లారుతుండగా నేను నొక్కే ఒక మీట అక్కడ నేరమవుతుందన్న సంగతి, మొదటిసారి చదివినప్పుడు, వెంటనే మనసుకు ఎక్కలేదు.

నమోదు లేని బృందానికి, నమోదైన మరొక సంస్థ తన ఖాతాను వాడుకోనిస్తుంది. లేదా ఆ ప్రాంతంలోనే ఉన్న నిధి ద్వారా డబ్బు వెళుతుంది. నైరోబీ కేంద్రంగా 2009 నుంచి పనిచేస్తున్న ‘ఉహాయ్’ అలాంటిది. అక్కడ ఏ బృందానికి సహాయం అందాలో ఉద్యమకారులే కూర్చొని నిర్ణయిస్తారు. స్వాహిలీలో ఉహాయ్ అంటే ప్రాణం. ఎవరికీ అభ్యంతరం లేని మాట, అబద్ధమూ కాదు. న్యూయార్క్‌లో 1977లో కొందరు మహిళలు ప్రారంభించిన అస్ట్రేయా ఫౌండేషన్ కూడా మొదట గ్రీకు న్యాయదేవత పేరునే పెట్టుకుంది. లెస్బియన్ అన్న మాట అందులో తరువాత చేరింది.

మా వంటి ప్రజా విరాళాల సంస్థలు అమెరికా పన్నుల శాఖకు ఏటా ఇచ్చే 990 ఫారంలో, విదేశీ గ్రాంట్ల పట్టికలో, గ్రహీత పేరు రాయవలసిన గడిని ముద్రణలోనే బూడిదరంగుతో మూసివేస్తారు. దక్షిణాసియా అనో, సబ్‌సహారా ఆఫ్రికా అనో ప్రాంతం రాస్తే చాలు. ఒకే కుటుంబం సొమ్ముతో నడిచే ప్రైవేటు ఫౌండేషన్లకు ఈ వెసులుబాటు లేదు. అవి నింపే 990-పీఎఫ్ అన్న వేరే ఫారంలో పేరు రాయవలసిందే, దానిని ఎవరైనా చూడవచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ బూడిదరంగు గడి నాకు ముద్రణాదోషంలా కనిపించింది. ఇప్పుడు ఆ ఫారం మొత్తంలో నేను ఇష్టపడేది అదొక్కటే.

మన దేశానికి పంపడం ఇంకొక రకం కష్టం. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించిన తరువాత, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. దానిని తీసుకున్న సంస్థ మరొక సంస్థకు అందులోంచి రూపాయి కూడా ఇవ్వకూడదు. పెద్ద సంస్థ నీడన బతికే ఊరి బృందాలకు దారి అక్కడే మూసుకుపోయింది. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన ‘మిత్ర్’ క్లినిక్ అమెరికా ప్రభుత్వ సహాయంతో నడిచేది. 2025 జనవరిలో ఆ ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఆపివేయడంతో అది మూతపడింది. ఆ వారం మా ఆఫీసుకు ఎన్నో దేశాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ప్రభుత్వాలు ఇచ్చేదాని ముందు మా నిధి ఎంత చిన్నదో, అంకెలు చూసే నాకు అందరికంటే ముందు అర్థమైంది.

మా తెలంగాణలోనే పేరుకు మరొక చరిత్ర ఉంది. నిజాం కాలంలో, 1919లో వచ్చిన ఒక చట్టం ప్రకారం హిజ్రాల పేర్లు, నివాసాలు పుస్తకంలో ఎక్కించి ఉంచేవారు. దానిని రాష్ట్ర హైకోర్టు 2023 జూలైలోగాని కొట్టివేయలేదు. అక్కడ పేరు రాయడం శిక్ష, కెన్యాలో రాయనివ్వకపోవడం శిక్ష.

కిందటి నెల తమ్ముడికి సంబంధాలు చూస్తూ, బయోడేటాలో తోబుట్టువుల వివరాలు నింపడానికి అమ్మ ఫోన్ చేసింది. ‘‘అక్కది ఏ కంపెనీ అని పేరయ్య అడుగుతున్నడే, పూర్తిగ చెప్పు’’ అంది. అక్షరం అక్షరం చెప్పాను. రాసుకుంటూ మధ్యలో ఆగి, ‘‘ఈ మాట ఉండాల్నా?’’ అంది. ‘‘అదే పేరమ్మా’’ అన్నాను.

రెండు రోజుల తరువాత వాట్సాప్‌లో బయోడేటా వచ్చింది. నా వరుసలో ‘అకౌంటెంట్, న్యూయార్క్’ అని మాత్రమే ఉంది. ప్రాంతం రాస్తే చాలనుకుంది అమ్మ. నేను దిద్దమనలేదు.