జింకు ముక్క అరగలేదని సంతోషించకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ మా వైపు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకోవడం, బోటుకి రంగులేసుకోవడం, ఇంజన్లు విప్పుకోవడం అన్నీ అప్పుడే. నేనుండేది బరంపురంలో, చేసేది మెకానిక్ పని, కానీ పుట్టిపెరిగింది గోపాల్‌పూర్ ఒడ్డున, వాడబలిజలం, ఇక్కడ ఒడియా వాళ్ళు మమ్మల్ని నోలియాలు అంటారు. నిషేధం వస్తే చుట్టాల ఇంజన్లన్నీ నా చేతికే వస్తాయి. ఈసారి సునాపూర్‌లో మా మావ ఇంజన్ విప్పాక నాకు రెండు రోజులు మనసు బాగోలేదు, అందుకే ఇది రాస్తున్నా.

వెళ్ళగానే మావ ఇంజన్ కాలు, అంటే నీళ్ళలో మునిగే కింది భాగం, దాని దగ్గరికి తీసుకెళ్ళి సంబరంగా చూపించాడు. "చూడ్రా అల్లుడా, మూడేళ్ళయినాది, జింకు ముక్క ఇసుమంతైనా అరగనేదు, గట్టి సరుకు."

ఆ మాట వినగానే నాకు గుండె జారిపోయింది. ఎందుకంటే ఆ ముక్క ఉన్నదే అరగడానికి, మూడేళ్ళు అరగలేదంటే మూడేళ్ళూ దాని బదులు వేరేదేదో అరిగిందని అర్థం.

సంగతేంటంటే, అవుట్‌బోర్డ్ ఇంజన్, అంటే బోటు వెనక బయట తగిలించేది, దాని కాలు అల్యూమినియం, ప్రొపెల్లర్ షాఫ్టు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ రెండూ ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీళ్ళలో మునిగితే అది అచ్చంగా బ్యాటరీయే, కరెంటు పుడుతుంది, అల్యూమినియం కరిగిపోతుంది. అందుకే అల్యూమినియం కంటే ముందే కరిగే లోహం ముక్క ఒకటి బిగిస్తారు, అదే ఆనోడ్, మా వాళ్ళంతా జింకు అనే అంటారు. తినేదేదో నన్ను తిను, ఇంజన్ని వదిలెయ్ అన్నట్టు అది ముందు పోతుంది. ఇదేం కొత్త సంగతి కాదు, 1824లోనే హంఫ్రీ డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఓడల అడుగున కొట్టే రాగి రేకు ఉప్పునీటికి పోకుండా ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూపించాడు. రాగి నిలబడింది, కానీ రాగి కరగడం ఆగేసరికి గుల్లలూ నాచూ వచ్చి పట్టేశాయి, ఎందుకంటే ఆ కరిగే రాగే వాటికి విషం. పెద్ద ట్రాలర్ల అడుగుకి వేసే రాగి పెయింటు పనిచేసేదీ ఇలాగే. అలాగని ఆ పెయింటు మిగిలింది కదా అని అవుట్‌బోర్డ్ కాలికి మాత్రం వేయకండి, రాగీ అల్యూమినియం ఒకచోట చేరితే స్టీలు కంటే ఘోరం.

మావ ఇంజన్‌కి జరిగింది ఇంకొకటి. పోయిన నిషేధంలో మా మేనబావ ఇంజన్ కొత్తగా కనబడాలని కాలంతా సిల్వర్ స్ప్రే కొట్టాడు, ఆనోడ్ మీద కూడా. పెయింటు పడితే ఆనోడ్‌కి నీళ్ళు తగలవు, అంటే అక్కడ ఆనోడ్ లేనట్టే. వాణ్ణి నేనేమీ అనలేదు, వాడికి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ప్రొపెల్లర్ విప్పి చూస్తే అది కూర్చునే చోట గేర్‌కేసు, అంటే గేర్లుండే డబ్బా, చుట్టూ చిన్నచిన్న గుంటలు, వేలు పెడితే తెల్లటి పొడి రాలుతోంది, సీలు కూర్చునే అంచు తినేసి ఉంది. కింద స్క్రూ తీసి గేర్ ఆయిల్ వదిలితే పాలు కలిపిన టీ రంగులో వచ్చింది, అంటే లోపలికి నీళ్ళు పోయాయి. గేర్‌కేసు మార్చాల్సిందే, దానికయ్యే ఖర్చు మావకి ఒక సీజన్ మిగులు.

పెయింటొక్కటే అయితే ఇంతలా అయ్యేది కాదనుకుంటా. గోపాల్‌పూర్‌లో మా వేట బోట్లకి రేవు లేదు, వేట నుంచి రాగానే బోటు ఇసక మీదకి లాగేస్తాం, ఇంజన్ నీళ్ళలో ఉండేది వేటకెళ్ళినంతసేపే. సునాపూర్‌లో అలా కాదు, బాహుదా మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాని లోపల బోటు నీళ్ళలోనే కట్టి ఉంటుంది, రాత్రీ పగలూ. పైగా ఆ నీళ్ళు ఏడాదంతా ఒకేలా ఉండవు, వానల్లో ఇచ్ఛాపురం మీదుగా ఏరు వచ్చిందంటే మొగలో ఉప్పు తగ్గిపోతుంది, తర్వాత మళ్ళీ ఉప్పెక్కుతుంది. జింకుకి ఇదే పడదు. ఉప్పు తక్కువ నీళ్ళలో దాని మీద తెల్లటి గట్టి పొర కడుతుంది, మళ్ళీ ఉప్పునీళ్ళు వచ్చినా ఆ పొర కింద అది పడుకునే ఉంటుంది. మొగలోనో చిలికాలోనో కట్టే బోట్లకి అల్యూమినియం ఆనోడే మేలు, అది ఉప్పు నీళ్ళలోనూ సగం ఉప్పు నీళ్ళలోనూ పనిచేస్తుంది. పూర్తిగా మంచినీళ్ళయితే మెగ్నీషియం, దాన్ని సముద్రంలోకి తీసుకెళ్తే చూస్తుండగానే అయిపోతుంది.

అల్యూమినియం అన్నానని పాత గిన్నెలు కరిగించి పోత పోసిన ముక్క బిగించుకోకండి, అలాంటివి నేను చూశాను కాబట్టే చెప్తున్నా. మామూలు అల్యూమినియం గాలి తగిలితే చాలు పైన పొర కట్టేసుకుంటుంది. ఆనోడ్‌లో కొంచెం జింకు, అతి కొద్దిగా ఇండియం అనే లోహం కలుపుతారు, ఆ ఇండియం వల్లే పొర గట్టిపడకుండా ముక్క కరుగుతూ ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే తెలిసిన షాపులో కొనండి.

మార్చడం కష్టమేం కాదు, కానీ ఓపిక కావాలి. సగం అరిగిందంటే మార్చేయాలి, పూర్తిగా పోయేదాకా చూడకూడదు. బోల్టు ఉప్పుకి పట్టేసి ఉంటుంది, బలవంతంగా తిప్పితే లోపలే విరుగుతుంది, ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచి మర్నాడు మెల్లగా కదపండి. ఆనోడ్ కూర్చునే చోటు వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దాలి, అక్కడ పెయింటూ గ్రీజూ ఏదీ ఉండకూడదు, గ్రీజు బోల్టు మరలకి మాత్రమే. బిగించాక మల్టీమీటర్ ఒక ముల్లు ఆనోడ్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద పెట్టి చూడండి, ఓమ్స్ సున్నాకి దగ్గర రావాలి, రాకపోతే మళ్ళీ విప్పాలి, వేరే దారి లేదు. ట్రాన్సమ్‌కి, అంటే బోటు వెనక అడ్డ పలకకి, బిగించే బ్రాకెట్ కింద ఇంకో ముక్క ఉంటుంది, చాలా మోడళ్ళలో బ్లాకు లోపల నీళ్ళ దారుల్లో కూడా చిన్నవి ఉంటాయి, అవెవ్వరికీ గుర్తుండవు. ఇంకోటి, ఆనోడ్ నీళ్ళలో ఉన్నంతసేపే పనిచేస్తుంది, గోపాల్‌పూర్ వాళ్ళలా ఇసక మీద పెట్టేవాళ్ళకి ఇంటికొచ్చాక ఇంజన్ లోపలా బయటా మంచినీళ్ళతో కడగడమే కాపాడేది.

ఇక ట్రిమ్ ట్యాబ్. ప్రొపెల్లర్ పైన పలక కింద చేప రెక్కలా ఉంటుందే, అది. ట్రాన్సమ్‌కి వెనక బిగించే పలకల్నీ ట్రిమ్ ట్యాబులే అంటారు, అవి వేరు. చాలా ఇంజన్లలో ఈ రెక్కే ఆనోడ్ కూడా, కాబట్టి అరిగిన కొద్దీ బోటు నడకలోనూ తేడా వస్తుంది. ప్రొపెల్లర్ ఒకవైపే తిరుగుతుంది కాబట్టి బోటు ఒక పక్కకి లాగుతుంది, ఆ లాగుడుకి ఎదురు పట్టేది ఈ రెక్క. విప్పేముందు అది ఏ కోణంలో ఉందో సూదితో గీత గీసుకోండి. మావ మొన్నటిదాకా కుడి భుజం నొప్పని బరంపురం ఆస్పత్రి చుట్టూ తిరిగాడు, తీరా చూస్తే రెక్క కోణం తప్పి ఉంది, మూడు గంటలు టిల్లర్‌ని, అంటే ఇంజన్ తిప్పే పిడిని, లాగిపట్టుకుని నడుపుతున్నాడు పాపం. బోటు కుడికి లాగితే రెక్క వెనక అంచు కుడికి తిప్పాలి, ఎడమకి లాగితే ఎడమకి. ఉల్టాగా ఉంది కదా అనిపిస్తుంది, కానీ కుడికి తిరిగిన రెక్కని నీళ్ళు ఎడమకి నెడతాయి, దాంతో కాలు వెనకభాగం ఎడమకి జరుగుతుంది, బోటు ముక్కు కుడికి పోకుండా ఎడమకి వస్తుంది. ఇంజన్ ఆపి, ఇంజన్ ఆపే స్విచ్ తాడు పీకేసి, ఒక్కసారికి రెండు మూడు మిల్లీమీటర్లే తిప్పండి, మామూలు స్పీడులో నడిపి చూసి మళ్ళీ తిప్పుకోండి.

మావ ఇంజన్‌కి కొత్త గేర్‌కేసు వచ్చింది, అల్యూమినియం ముక్కలు మూడూ బిగించాం. జూన్ 15 పొద్దున్నే మొగ దాటించి చూశాం, రెండుసార్లు రెక్క సర్దితే సరిపోయింది. మావ టిల్లర్ మీద రెండు వేళ్ళే పెట్టి నడుపుతున్నాడు, బోటు నేరుగా పోతోంది. మేనబావ మాత్రం దిగగానే చేతి గోరుతో ఆనోడ్ మీద గీకి చూశాడు, పెయింటు ఏమైనా పడిందేమోనని.