సఫెద్‌లో రెండు పిడుల మట్టి చెంబు

జెరూసలేం యాత్రకు వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా ఆలివ్ కర్ర సిలువలు, యొర్దాను నీళ్ల సీసాలు తెచ్చుకుంటారు. మా చర్చి బృందం కూడా అవే కొన్నారు. నాకు మాత్రం యూదులు ప్రార్థన చేసుకునే పాత రాతిగోడ వెస్టర్న్ వాల్ దగ్గర, కుళాయిల పక్కన పెట్టిన రెండు పిడుల చెంబుల మీద మనసు పడింది. ప్రార్థనకు వెళ్లే యూదులు అక్కడ ఆగి, చెంబు నింపి, ముందు కుడిచేతి మీద, తర్వాత ఎడమచేతి మీద పోసుకుని వెళ్తున్నారు.

ఆ ఊళ్లో ఒక యూదు పెద్దావిడకు కేర్‌గివర్‌గా ఉంటున్న మన గోదావరి అమ్మాయి సాయంత్రం హోటల్‌కి వస్తే ఆమెనే అడిగాను. "ఇది మురికి వదిలించుకోవడం కాదక్కా, చేతులు ముందే శుభ్రంగా ఉండాలి, ఉంగరాలు కూడా తీసేయాలి" అంది. పొద్దున లేవగానే, రొట్టె తినే ముందు, శ్మశానం నుంచి వచ్చాక ఇలా పోసుకుంటారట. కొందరు చేతికి రెండుసార్లు, కొందరు మూడుసార్లు. "మా ముసలావిడైతే నీళ్లు పోసుకున్నాక రొట్టె ముక్క నోట్లో పడేదాకా ఫోన్ మోగినా పలకదు" అంది. ఆ చెంబును నట్లా అంటారు. కడిగిన చెయ్యికి, ఇంకా కడగని చేతి తడి తగలకూడదు, అందుకే రెండు పిడులు.

గలిలయ సముద్రం వైపు వెళ్లే దారిలో కానాలో ఆగాం. యూదుల శుద్ధీకరణ ఆచారం కోసం అక్కడ ఆరు రాతిబానలు ఉన్నాయని యోహాను సువార్త 2వ అధ్యాయంలో చదువుతాం కదా, అవి రాతివే ఎందుకో పాస్టర్‌గారు చెప్పారు. మట్టిపాత్ర అపవిత్రమైతే పగలగొట్టాలని లేవీయకాండం 11:33 అంటుంది, రాయికి మాత్రం అపవిత్రత అంటదని ఆనాటి యూదుల నమ్మకం. అక్కడికి దగ్గర్లోనే రీనా ఊరి పక్కన అలాంటి రాతిపాత్రలు చెక్కిన పురాతన కార్ఖానా బయటపడిందని 2017లో ప్రకటించారు. మరి చేతులకు మట్టి చెంబు పనికొస్తుందా? వస్తుంది, యూదుల మిష్నా గ్రంథంలో చేతుల శుద్ధికే ప్రత్యేకంగా ఒక భాగం ఉంది, చేతుల మీద నీళ్లు పోయడానికి ఏ పాత్రైనా సరే అని అందులోనే రాసి ఉంది.

సఫెద్ దాదాపు 900 మీటర్ల ఎత్తున కొండ మీద ఊరు. అన్నీ రాతిమెట్ల సందులే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బస్సులోనే కూర్చుండిపోయారు. కళాకారుల పేటలో ఒక కుమ్మరి ఆవిడ మా ముందే నట్లా చేసింది. సారె మీద చెంబు ఎత్తుతూ అంచును వేలితో పదేపదే సరిచేసింది, ఎందుకంటే నీళ్లు అంచు మీదుగానే పడాలి, కూజాకున్నట్టు మూతి లాగితే చాలామంది ఒప్పుకోరు. సగం ఆరిన మరో చెంబు తీసుకుని, తడిచేత్తో మట్టిముద్దను సాగదీసి పిడులు చేసి, అతికే చోట గీతలు గీకి, పల్చటి మట్టి పూసి, గట్టిగా అదిమింది. అక్కడ సన్నటి బీట పడినా తర్వాత నీళ్ల బరువుకు పిడి ఊడొస్తుంది. అడుగున కారే చిల్లు పడితే ఆ చెంబు ఆచారానికే పనికిరాదు. అందుకని కాల్చి తీసిన ప్రతిదాన్నీ గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటుంది, సంతలో మన ఆడవాళ్లు కుండను కొట్టి చూసినట్టే. ఇందులో ఎన్ని నీళ్లు పట్టాలి అంటే, కనీసం 86 మిల్లీలీటర్లని ఒక లెక్క, 150 అని ఇంకో లెక్క. ఆవిడ చేసేవి మాత్రం అంతకన్నా బాగా పెద్దవి, ఒకసారి నింపితే రెండు చేతులకూ సరిపోవాలంటుంది.

బజారులో ఆశీర్వాద వాక్యం అచ్చేసిన ఫ్యాక్టరీ చెంబులు చవగ్గా దొరుకుతాయి గానీ నాకు నచ్చలేదు, పిడిలో మూడు వేళ్లు కూడా పట్టవు. కొనేవాళ్లు దయచేసి రంగు చూసి కొనకండి, నీళ్లు నింపి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చి చూడండి, ఆ కుమ్మరి ఆవిడ సింక్ దగ్గర నాతో అలాగే చేయించింది, నేను నీలం పూతది తీసుకున్నాను. సఫెద్ వెళ్తే మాత్రం శుక్రవారం మధ్యాహ్నం లోపే వెళ్లండి. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే యూదుల విశ్రాంతి దినం సబ్బాతుకు అక్కడ దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, మళ్లీ ఆదివారమే.