సాయంకాలపు ఎంబీఏ

ఎంబీఏ చేయాలన్న ఆలోచన వచ్చేనాటికి నాకు 36 ఏళ్లు. టెక్సస్‌లోని ప్లేనోలో హెచ్-1బి అనే ఉద్యోగ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగం మానేసి రెండేళ్లు చదవడమా, ఉద్యోగంలో ఉంటూనే మూడు నాలుగేళ్ల పాటు సాయంత్రాలు చదవడమా అన్న ప్రశ్నకు అమెరికన్ సహోద్యోగులు ఫీజు, పోయే జీతం, పెరగబోయే జీతం కాగితం మీద వేసుకొని జవాబు తేల్చుకునేవారు. మా ఇంట్లో లెక్క అలా మొదలు కాలేదు.

ఉద్యోగం మానేస్తే హెచ్-1బి నిలవదు కాబట్టి నేను ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాలి. గ్రీన్ కార్డు వరుసలో నా ఐ-140, అంటే శాశ్వత నివాసం కోసం నా తరఫున కంపెనీ వేసిన దరఖాస్తు, ఆమోదం పొందినందువల్లనే హెచ్-1బికి ఉన్న ఆరేళ్ల పరిమితి దాటినా నా వీసా పొడిగింపు జరుగుతోంది. 2015లో వచ్చిన నిబంధన ప్రకారం హెచ్-4, అంటే హెచ్-1బి వారి కుటుంబసభ్యులకిచ్చే వీసా, మీద ఉన్న నా భార్యకు పని అనుమతి దొరికింది కూడా ఆ ఆమోదం వల్లనే. నేను ఎఫ్-1కు మారితే ఆమె విద్యార్థి కుటుంబసభ్యులకిచ్చే ఎఫ్-2కు మారాలి, ఎఫ్-2 మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అంటే నా చదువుకు పోయేది ఒక జీతం కాదు, రెండు. పైగా విద్యార్థి వీసాకు, చదువు ముగించుకొని స్వదేశానికి తిరిగి వెళ్తానన్న ఉద్దేశం చూపాలి. శాశ్వత నివాసానికి ఇదివరకే దరఖాస్తు పడిన మనిషి ఆ మాట అంటే నమ్మించడం కష్టం.

సాయంత్రపు చదువుకు ఈ చిక్కులేవీ లేవు. ఉద్యోగం కొనసాగినంత కాలం హెచ్-1బి మీద వేరే అనుమతి లేకుండానే చదువుకోవచ్చు. యజమాని ఇచ్చే ఫీజు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఆదాయపు పన్ను పడదు. మా కంపెనీ సాయం చేసింది గానీ, డిగ్రీ తరువాత రెండేళ్లు అక్కడే పనిచేయాలని సంతకం పెట్టించుకుంది.

గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, నేనూ అక్కడికొచ్చి ఉద్యోగం చేసుకుంటూ ఎంబీఏ చదవొచ్చా?" అని అడిగాడు. విద్యార్థి వీసా మీద వచ్చేవాడికి ఆ వెసులుబాటు లేదనీ, పూర్తికాలపు కోర్సులోనే చేరాలనీ, సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదనీ చెప్పవలసి వచ్చింది.

నేను పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. పూర్తికాలపు విద్యార్థికి రెండు సంవత్సరాల మధ్య వేసవిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది. కన్సల్టింగ్, బ్యాంకింగ్ వంటి రంగాల్లోకి మారాలనుకునేవారికి అసలు ద్వారం అదే. నా తరగతిలో చాలామంది నాలాగే మర్నాడు పాత కుర్చీలోకి వెళ్లి కూర్చోవలసినవారు. నాకు హోదా మారింది, రంగం మారలేదు. తరగతి ముగించుకొని ఇంటికి చేరేసరికి అమ్మాయి నిద్రపోయి ఉండేది. ఆ నష్టాన్ని ఏ లెక్కలో వేయాలో ఫైనాన్స్ పాఠంలో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పట్టా తపాలాలో వచ్చిన వారంలోనే నా భార్య పని అనుమతి కార్డు పునరుద్ధరణకు దరఖాస్తు పంపవలసి వచ్చింది. ఫొటోలు, ఫారాలు, చెక్కు సర్దేసరికి వారాంతం గడిచిపోయింది. పట్టా ఇంకా కవరులోనే ఉంది.