గుడ్ ఫ్రైడే లైవ్‌లో బాఖ్: మిల్లీసెకన్ల లెక్క

జర్మనీకి ఉద్యోగానికొచ్చి లూథరన్ చర్చికి వెళ్లే మనవాళ్లు ఐటీలో ఉన్నారని తెలిస్తే చాలు, లెంట్ రోజుల్లో (ఈస్టర్ ముందటి ఉపవాస కాలం) ఒక పని మీద పడుతూ ఉంటుంది: గుడ్ ఫ్రైడే నాడు క్వయర్ పాడే ప్యాషన్‌ని, అంటే యేసు శ్రమల కథను పాటలుగా కట్టిన పెద్ద కృతిని, లైవ్ పెట్టడం. మొదటిసారి చేసేవాళ్లకు బాఖ్ రాసిన యోహాను ప్యాషన్ నయం. 1724 ఏప్రిల్ 7న లైప్‌జిగ్‌లోని నికొలాయ్ చర్చిలో తొలిసారి పాడిన ఈ కృతి సుమారు రెండు గంటలు. మత్తయి ప్యాషన్‌కి రెండు క్వయర్లు, రెండు ఆర్కెస్ట్రాలు కావాలి, పైగా ముప్పావుగంట ఎక్కువ.

అందరూ కెమెరా గురించే అడుగుతారు. డబ్బూ సమయమూ ముందు మైకులకు పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, పాట గరగరలాడితే వెళ్లిపోతారు. ఒకే రకం కార్డియాయిడ్ మైకులు (ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి) రెండు తీసుకుని, వాటి మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కోణం ఉండేలా బిగించి, క్వయర్ నడిపే కాంటోర్ వెనక సుమారు 3 మీటర్ల ఎత్తున నిలబెట్టండి. రిహార్సల్లో ‘సిలువ వేయుము’ అని గుంపు అరిచే కోరస్ పాడించి వినండి. హల్లులు ప్రతిధ్వనిలో కరిగిపోతుంటే స్టాండును అరమీటరు ముందుకు జరపండి. ముందు వరసలో ఒకరిద్దరి గొంతులే విడిగా వినిపిస్తుంటే వెనక్కి. ఖాళీ చర్చి ఎక్కువ మోగుతుంది, కోట్లు వేసుకున్న జనం నిండితే ఆ మోత తగ్గుతుంది. కాబట్టి రిహార్సల్లో మోత కొంచెం ఎక్కువనిపిస్తే కంగారుపడి మార్చేయకండి.

ఇక అసలు తలనొప్పి ఆలస్యం. శబ్దం మీటరు దూరం దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సోలో పాడేవారి దగ్గర విడిగా ఒక మైకు పెట్టారనుకోండి. అసలు మైకుల జంట అక్కడికి 6 మీటర్ల దూరంలో ఉంటే, అదే గొంతు దగ్గరి మైకులో 18 మిల్లీసెకన్లు ముందే వచ్చేస్తుంది, రెండూ కలిస్తే మాట పలచబడుతుంది. మిక్సర్‌లో దగ్గరి మైకు శబ్దాన్ని అంత ఆలస్యం చేయాలి. వెనక గ్యాలరీలోని పెద్ద ఆర్గన్ 20 మీటర్ల దూరంలో ఉంటే 60 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. అందుకే చెల్లో పక్కనే చిన్న పెట్టె ఆర్గన్ పెట్టించుకోవడం మేలు. కెమెరా బొమ్మ కంప్యూటర్ చేరేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. కెమెరా ముందు చప్పట్లు కొట్టించి, ఎన్ని ఫ్రేముల తేడా వస్తే శబ్దాన్ని అంత ఆలస్యం చేయండి.

ఆటోమేటిక్ గెయిన్ (శబ్దం స్థాయిని తనంతట తానే పెంచి తగ్గించేది), నాయిస్ తగ్గించే సెట్టింగులు అన్నీ ఆఫ్ చేయాలి. ఎందుకో ఒక్క పాటలో తెలిసిపోతుంది. మనవాళ్లు ఏడు మాటల ఆరాధనలో ఆరవ మాటగా ఎరిగిన ‘సమాప్తమైనది’ ఇక్కడ ఆల్టో (కింది స్థాయి స్త్రీ గొంతు) సోలో. తోడుగా వయోలా ద గాంబా అనే చెల్లో లాంటి పాత తంత్రీవాద్యం, చాలా చిన్న నాదం. ఆటోమేటిక్ గెయిన్ ఉంటే ఆ నిశ్శబ్దాన్ని పైకి లాగి హీటర్ హోరు, బెంచీల కిర్రుమనడం వినిపిస్తుంది. మధ్యలో ‘యూదా వీరుడు’ అంటూ తంత్రీవాద్యాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి, అప్పుడు మొత్తం శబ్దాన్ని తొక్కేస్తుంది. ఆ పాటలో బాఖ్ కట్టినదే ఈ ఎత్తుపల్లం, దాన్ని చెరపడానికి మనకు హక్కు లేదు.

తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టేవారికి సగం పని బైబిలే చేసిపెడుతుంది, ఎందుకంటే సువార్తికుడు, అంటే కథ చెప్పే గాయకుడు, పాడేది యోహాను 18, 19 అధ్యాయాలే. రెండు చోట్ల మాత్రం తడబడతారు. పేతురు వెక్కి ఏడ్చిన మాట, దేవాలయపు తెర చినిగి భూమి కంపించిన మాట మత్తయి సువార్త నుంచి తెచ్చి చేర్చినవి. ఆ వచనాలు ముందే వేరుగా టైపు చేసి ఉంచుకోండి.

ఇళ్లలో ఉన్నవాళ్లను కొరాల్స్‌లో, అంటే మధ్యమధ్య వచ్చే లూథరన్ కీర్తనల్లో, కలపాలని చాలామందికి ఉంటుంది. 2020 ఏప్రిల్ 10న, కరోనా మూసివేతల మధ్య, లైప్‌జిగ్ థామస్ చర్చి నుంచి ఒక టెనర్ (పై స్థాయి పురుష గొంతు గాయకుడు), కీబోర్డు, తాళవాద్యాలతో ఇదే ప్యాషన్ ప్రసారం చేసి, కొరాల్స్ మీ ఇంట్లో పాడండి అన్నారు. ఆ పద్ధతే సరైనది: స్వరలిపి ముందే పంపండి, ఎవరి గది వారు పాడుకుంటారు. వీడియో కాల్లో అందరూ ఒకేసారి పాడటం కుదరదు, ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటితే లయ జారిపోతుంది. విడివిడిగా రికార్డు చేసి కలపాలంటే కాంటోర్ చేతులు కనిపించే గైడ్ వీడియో తప్పనిసరి, ఎందుకంటే కొరాల్‌లో ప్రతి పంక్తి చివర ఆగే చోట మెట్రోనోమ్ పనికిరాదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు, వైరువే వాడమనండి. చివర వచ్చే ‘స్’, ‘ట్’ ఇద్దరు ముగ్గురే పలకాలి, లేకపోతే వడగళ్లు పడ్డట్టుంటుంది.

వైఫై నమ్మకండి, కేబుల్ వేయండి. చర్చిలోనే విడిగా ఒక రికార్డింగ్ కూడా నడపండి. బాఖ్ కృతికి హక్కుదారులు లేకపోయినా, ఆటోమేటిక్ కాపీరైట్ గుర్తింపు మీ ప్రదర్శనను ఏదో ఆల్బమ్ అనుకునే ప్రమాదముంది. అప్పుడు పాడినవారి వివరాలతో అభ్యంతరం తెలపాలి.

1842లో మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటి నుంచి లూథరన్ సంఘాలున్న గుంటూరు వైపు చూసేవాళ్లుంటే, ఆహ్వానంలో భారత సమయం విడిగా రాయండి. మామూలుగా ఏప్రిల్లో తేడా మూడున్నర గంటలు, జర్మనీలో మధ్యాహ్నం 3 అయితే అక్కడ సాయంత్రం 6.30. కానీ గుడ్ ఫ్రైడే మార్చి చివరి ఆదివారానికి ముందొస్తే తేడా నాలుగున్నర. 2024లో అదే జరిగింది: శుక్రవారం మార్చి 29న నాలుగున్నర, గడియారాలు మారిన ఈస్టర్ ఆదివారం మూడున్నర. రెండు ప్రసారాలుంటే రెండు సమయాలూ వేర్వేరుగా లెక్కకట్టి రాయండి.