చిన్నాయనకు వచ్చిన రీఫండ్ మెయిల్

గత జులైలో, అందరూ రిటర్నులు దాఖలు చేసే రోజుల్లో, హనుమకొండలో ఉండే మా చిన్నాయన ఫోన్ చేశారు. "బిడ్డా, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు రీఫండ్ ఇస్తరట, లింక్ నొక్కి కార్డు నంబరు, పిన్ను కొట్టుమంటున్నరు, కొట్టాల్నా?" అని అడిగారు. ఏదీ నొక్కవద్దని చెప్పి వెంటనే వాళ్లింటికి వెళ్లాను. ఆదాయపు పన్ను శాఖ పిన్ నంబర్లను, పాస్‌వర్డ్‌లను మెయిల్‌లో అడగదు. రీఫండ్ సొమ్ము మనం ముందుగా ధ్రువీకరించుకున్న బ్యాంకు ఖాతాలోకే వస్తుంది.

ఆయన ఫోన్‌లో పంపినవారి పేరు మాత్రమే కనిపిస్తోంది. ఆ పేరును నొక్కితే అసలు చిరునామా బయటపడింది. అందులో ఇన్‌కమ్‌ట్యాక్స్, గవ్, ఇన్ అన్న ముక్కలన్నీ ఉన్నాయి గానీ, వాటి తర్వాత చుక్క పెట్టి మరేదో పేరు తగిలించారు. చిరునామాను చివరి నుంచి వెనక్కి చదవాలని ఆయనకు అక్కడే చూపించాను. హైదరాబాద్‌లోని ఒక ఇంటి చిరునామాలో వరంగల్ హైవే అని రాసి ఉన్నంత మాత్రాన ఆ ఇల్లు వరంగల్‌లో ఉన్నట్టు కాదు కదా. చివర ఉన్న ఊరే అసలు ఊరు. మెయిల్‌కైనా, లింక్‌కైనా ఇదే లెక్క, కాకపోతే లింక్‌లో మొదట్లో ఉండే జంట ఏటవాలు గీతలను వదిలేసి, వాటి తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి అక్కడి నుంచి వెనక్కి చూసుకోవాలి.

నన్ను కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. సరిగ్గా అలాంటి మెయిలే వారం కిందట చిన్నమ్మకు కూడా వచ్చిందట. ఆమె అనుమానపడి, దాన్ని తీసేసి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నారు. అది ఆమె తప్పని నేను అనను, మనలో ఎక్కువమంది చేసేది అదే. కానీ తీసేసిన మెయిల్ గురించి ఎవరికీ తెలియదు, కాబట్టి పంపినవాడు ఏ అడ్డూ లేకుండా పక్కింటికి పోతాడు.

అనవసరపు ప్రకటన అయితే స్పామ్ అని గుర్తు పెడితే చాలు. మోసమైతే మాత్రం కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కన ఉన్న మూడు చుక్కలను నొక్కి, 'రిపోర్ట్ ఫిషింగ్' ఎంచుకోవాలి. 2004 నుంచి పనిచేస్తున్న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు కూడా 'ఇన్సిడెంట్' అనే పేరుతో ఉన్న వారి మెయిల్ చిరునామాకు దాన్ని పంపవచ్చు. అయితే మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది ఏ దారిన వచ్చిందో తెలిపే వివరాలు పోతాయి కనుక అటాచ్‌మెంట్‌గా పంపడం మేలు.

డబ్బు పోయి ఉంటే ఇదంతా తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు చెప్పి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఖాతాదారు తానే వివరాలు ఇచ్చి మోసపోయినా, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. పరువు పోతుందని రాత్రంతా మౌనంగా కూర్చుంటే ఆ రక్షణ అంత ఆలస్యమవుతుంది. అందుకే ఇంట్లో ఎవరైనా మోసపోయామని చెబితే దయచేసి మొదట కోప్పడకండి, మొదట ఫోన్ చేయించండి.

ఆ సాయంత్రం చిన్నాయన తన మెయిల్‌ను తానే రిపోర్ట్ చేశారు. చిన్నమ్మ తన ఫోన్‌లోని ట్రాష్ తెరిచి వెతికితే, తీసేసిన ఆ పాత మెయిల్ ఇంకా అక్కడే ఉంది. దాన్ని కూడా ఆమె చేతనే రిపోర్ట్ చేయించి ఇంటికి బయలుదేరాను.