నలభై మూడేళ్ళకి ఫొటోలు నేర్చుకోడానికి కాలేజీకా?

ఒడిశాలోని బరంపురంలో మా ఫొటో స్టూడియోకి దాదాపు నా వయసే. నాన్న పెట్టిన షాపు. ముందు గదిలో బల్ల, పక్కన నీలం తెర, వెనక డార్క్‌రూం, అందులో ఎర్ర బల్బు, ఫొటోలు కడిగే హైపో మందు వాసన ఎప్పుడూ వదలదు. ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము వాడేవాడు నాన్న. నెగిటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసి పెళ్ళిచూపుల ఫొటోల్లో మొహం మీద మచ్చలు మాయం చేసేవాడు, ఆ పనికి ఊళ్ళో మంచి పేరుండేది. పదేళ్ళ వయసులో ట్రే ఊపుతూ తెల్ల కాగితం మీద ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆఖర్న చీర అంచు తేలడం చూసిందాన్ని నేను. ఇప్పుడా డార్క్‌రూంలో జిరాక్స్ మెషిన్ ఉంది. ఆడవాళ్ళకి ఒడిశా ప్రభుత్వం డబ్బులిచ్చే సుభద్ర పథకం అప్లికేషన్లు మొదలైనప్పుడు ఆ మెషిన్ పొద్దున్నుంచి రాత్రిదాకా చల్లారలేదు. ఆ నెల పెళ్ళి ఫొటోల కంటే జిరాక్సులే ఎక్కువ తెచ్చిపెట్టాయి, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

నేను చదివిందంతా ఒడియా మీడియం. తెలుగు చదవడం అమ్మ దగ్గర, వారపత్రికలు కూడబలుక్కుంటూ నేర్చుకున్నా. తప్పులుంటే సర్దుకోండి.

సంగతేంటంటే, పోయినసారి ఠాకురాణి యాత్రకి కొన్ని ఫొటోలు తీశాను. తెలియనివాళ్ళకి చెప్పాలి, మా ఊళ్ళో ఇది రెండేళ్ళకోసారి వస్తుంది, దాదాపు నెలరోజులు సాగుతుంది. అమ్మవారిని గుడి నుంచి దేశిబెహరా వీధికి తీసుకొచ్చి నిలుపుతారు. అది మన నేతవాళ్ళ వీధి, అక్కడ ఇప్పటికీ ముసలమ్మలు తెలుగులోనే తిట్టుకుంటారు. మొక్కుకున్నవాళ్ళు వేషాలు వేస్తారు, ఒళ్ళంతా పసుపూ నలుపూ చారలు పూసుకున్న పులివేషాలైతే లెక్కలేనన్ని. వాటిని అందరూ తీస్తారు. నేను తెల్లారగట్ల వెళ్ళాను, వేషం విప్పేసి కుళాయి దగ్గర రంగు కడుక్కుంటున్నవాళ్ళని తీయడానికి. సగం పులి, సగం మనిషి, చేతిలో రిన్ సబ్బు. అలాంటివి పన్నెండు ఫొటోలు కుదిరాయి, నాకైతే నచ్చాయి.

మా అమ్మాయి వాటిని ఏదో ప్రదర్శనకి ఆన్‌లైన్లో పంపించేసింది, నాకు చెప్పకుండా. వాళ్ళు జవాబు రాశారు. ఫొటోలు బాగున్నాయి, వీటి వెనక మీ ఆలోచన ఏమిటో మూడు వందల పదాల్లో రాసి పంపండి అని. మూడు రాత్రులు కూర్చున్నా. ఏ లెన్సు వాడానో, ఆ వెలుతురికి ఐఎస్ఓ ఎంతకి పెంచాల్సొచ్చిందో, కుళాయి ఎక్కడుందో రాశాను, నలభై పదాలకే అయిపోయింది. పంపలేదు.

అప్పుడు మొదలైంది ఈ కాలేజీ పురుగు.

కెమెరా వాడటం నేర్చుకోడానికి కాదు. ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నా, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం పురోహితుడి మోచెయ్యి ఎటువైపు అడ్డొస్తుందో నాకు ముందే తెలుసు. నాకు లేనిది వేరే. ఈ ఇరవై ఏళ్ళలో నా ఫొటోని ఫొటోలాగా చూసినవాడు ఒక్కడు లేడు. ఆల్బం ఇస్తే పెళ్ళికూతురు తన మొహం చూసుకుంటుంది, అత్తగారు తన నగ చూసుకుంటుంది, మామగారు బిల్లు చూస్తాడు. ఇక్కడ నువ్వెందుకు నిలబడ్డావు, రెండడుగులు ఎడమకి జరిగుంటే ఏమయ్యేది అని అడిగేవాళ్ళు కావాలి నాకు, అదీ నాకు డబ్బులిచ్చేవాళ్ళు కాకుండా. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటాడు మా ఆయన. ఉన్నాయి, కానీ యూట్యూబ్ నా ఫొటో చూడదు కదా.

ఖల్లికోటలో ప్రభుత్వ ఆర్ట్ కాలేజీ ఉంది, మా జిల్లాలోనే. పెయింటింగ్, శిల్పం నేర్చుకునే మావైపు పిల్లలు అక్కడికి వెళ్తారు. నాకు కావలసింది అది కాదు. గాంధీనగర్‌లోని ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫొటోగ్రఫీ డిజైన్ అని పీజీ ఉంది, కానీ గుజరాత్ చాలా దూరం. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ, నాలుగేళ్ళు. ప్రవేశ పరీక్షలో జ్ఞాపకం మీద బొమ్మ గీయమంటారు. నవ్వొచ్చింది. నాకు బొమ్మలు గీయడం రాకే కదా కెమెరా పట్టుకున్నది.

చుట్టాల పెళ్ళికని హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఓ పూట వీలు చేసుకుని ఆ గేటు దాకా వెళ్ళాను. లోపల్నుంచి వస్తున్న ఒకాయన ఆగి, "పాపని చేర్పించడానికి వచ్చారా అమ్మా?" అన్నాడు. అవునన్నాను.

ఆ పాప నిజంగానే ఉంది, ప్లస్ టూ చదువుతోంది. అసలు చిక్కు అక్కడే. ఇంట్లో ఒకే ఏడాది ఇద్దరు కాలేజీలో చేరితే ఎవరి ఫీజు ముందు అన్నది అడగాల్సిన ప్రశ్నే కాదు. అమ్మకి చెప్తే, "బుద్ధుందేటే? పిల్ల పెళ్ళికి దాచుకోవాల్సిన వయసులో నీకు ఫీజులేటి?" అంది. నాలుగేళ్ళు ఎలాగూ గడిచిపోతాయి, చదివినా చదవకపోయినా నలభై ఏడు రాక మానవు కదా అని మాత్రం ముగ్గురు చెప్పారు. ఆ నాలుగేళ్ళు షాపు అద్దె ఎవరు కట్టాలో ఆ ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు.

ఒక స్నేహితురాలైతే జూలియా మార్గరెట్ కామెరాన్ అనే పాతకాలపు బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ కథ పంపింది. కలకత్తాలో పుట్టిందావిడ. 1863లో, నలభై ఎనిమిదేళ్ళప్పుడు, కూతురూ అల్లుడూ కెమెరా కొనిస్తే మొదలుపెట్టి అంత పేరు తెచ్చుకుందట. బొగ్గుల కొట్టుని డార్క్‌రూం చేసుకుందట, కోళ్ళ గూడుని స్టూడియో చేసుకుందట. ఆవిడ తీసిన మొహాలు చూశాను, చాలామటుకు కాస్త మసకగా, ఫోకస్ తప్పినట్టు ఉంటాయి, అయినా కళ్ళు తిప్పుకోలేం. అప్పట్లో ఆ మసకకే ఆవిణ్ని తెగ తిట్టారట. అంతా బానే ఉంది. కానీ వాళ్ళాయనకి సిలోన్లో కాఫీ తోటలున్నాయి. ఆవిడ కోళ్ళ గూట్లోంచి కోళ్ళని తోలేసింది, నేను జిరాక్స్ మెషిన్‌ని తోలేస్తే మర్నాటికి పాలవాడికి ఏం చెప్పను?

సరే, వారం రోజులు కాగితం మీద లెక్కలేశాను. పెళ్ళిళ్ళ సీజన్ ఎలాగూ మూఢాలతో ముక్కలు ముక్కలుగా వస్తుంది, పెద్ద పెళ్ళిళ్ళకి నేను ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి రావచ్చు, షాపు తమ్ముడు చూసుకుంటానన్నాడు (ఎన్నాళ్ళు చూస్తాడో నాకు తెలుసు, వాడికి జిరాక్స్ మెషిన్‌లో కాగితం ఇరుక్కుంటేనే టెన్షన్). అయినా లెక్క కుదరలేదు, ఏడాదికి ఎనభై వేల దాకా తేడా వస్తోంది. కుదరలేదని తేలాక హాయిగా ఉంటుందనుకున్నా. ఉండలేదు. రాత్రి లేచి మళ్ళీ ఆ పులుల ఫొటోలే తెరిచి కూర్చున్నా.

చివరికి ఇలా అనుకున్నాం, నేనూ మా ఆయనా. ఈసారి పరీక్ష రాస్తాను. రాయడానికి అయ్యే ఖర్చు పాస్‌పోర్ట్ ఫొటోల మీద ఒక వారం సంపాదన, అంతే. సీటొస్తే అప్పుడు కూర్చుని మళ్ళీ పోట్లాడుకుందాం. మా అమ్మాయి నాకు బొమ్మలు నేర్పుతోంది. నిన్న కుళాయి గీయమంది. వందసార్లు చూసిన ఆ కుళాయికి తిప్పేది పైనుందో పక్కనుందో గుర్తురాలేదు, కెమెరాలోంచి చూశాను కదా అంతా.

పొద్దున అప్లికేషన్‌కి ఫొటో కావలసొచ్చింది. వెతికితే షాపు మొత్తంలో నాదొక్క పాస్‌పోర్ట్ సైజు ఫొటో లేదు. స్టాండ్ వేసి, పది సెకన్ల టైమర్ పెట్టి, పరిగెత్తుకెళ్ళి నీలం తెర ముందు స్టూలు మీద కూర్చున్నా. కంప్యూటర్లో తెరిచి చూస్తే గడ్డం కాస్త ఎత్తుగా వచ్చింది, కళ్ళ కింద నలుపు. టచింగ్ చేయనా వద్దా అని చూస్తూ ఉంటే ఎవరో వచ్చి ఆధార్ జిరాక్స్ కావాలన్నారు, రెండు పక్కలా.